తపస్సు మాను మీది నుంచి మద్రాసు బస్సు

గంగాధరం ఏ ఊళ్ళో ఉన్నా ఆయన మనసు పక్క ఊళ్ళో ఉండేది. చేలో మడక పట్టుకుంటే చిత్తూరు గుర్తొచ్చేది. చిత్తూరులో నాటకానికి రంగు పూసుకుంటుంటే తిరుపతి స్టేజీ గుర్తొచ్చేది. తిరుపతిలో తెర లేస్తుంటే, దాని వెనక ఇంకా పెద్దదైన తెల్లటి తెర ఒకటి గాలికి రెపరెపలాడుతున్నట్టు ఉండేది. అన్నానికి కూర్చున్నా ఒక మోకాలు పైకి లేచే ఉండేది, ఎవరో వీధిలోంచి ఇప్పుడే పిలుస్తారన్నట్టు.

"ఆ మోకాలు దించి తినయ్యా. నువ్వు ఎక్కాల్సిన బస్సేదీ ఇప్పుడు ల్యా" అనేది భార్య వరదమ్మ.

బస్సులు ఉండేవి. అదే చిక్కు. చిత్తూరు నుంచి మద్రాసుకు పోయే రోడ్డు వాళ్ళ నల్లగుట్టపల్లిని ఒరుసుకుంటూ పోతుంది. రోడ్డుకు ఈ పక్క ఊరు, ఆ పక్క వేరే ఊరి పొలాలు. రోడ్డుకు ఈ అంచునే పొలిమేర రాయి. చేలో వంగిన మనిషికి కూడా బస్సు చప్పుడు వినిపిస్తుంది. మద్రాసు పోయే బస్సు చప్పుడు వేరు, వచ్చే బస్సు చప్పుడు వేరు అని ఆయన నమ్మకం. పోయే బస్సు పాడుతుందట. వచ్చే బస్సు దగ్గుతుందట.

ఆయన గొంతు గురించి చెప్పుకోవాలి. నిండా నీళ్ళున్న మట్టికుండను ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపితే లోపల ఒక చప్పుడు పుడుతుంది, అలాంటి గొంతు. అది తండ్రి నుంచి వచ్చింది. ఏటా ఎండాకాలంలో ఆ ఊరి ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నాలు కథ చెబుతారు, రాత్రులు వేషాలు కడతారు. అందులో ఒక రోజు పగటి పూట అర్జునుడు తపస్సుకు పోతాడు. నున్నగా చెక్కిన పొడుగాటి మానును గుడి ముందర పాతుతారు. అర్జునుడి వేషగాడు పద్యం పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. బిడ్డల్లేని ఆడవాళ్ళు తడిచీరలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. పైకి చేరాక ఆయన జోలెలోంచి నిమ్మకాయలూ విభూతి పొట్లాలూ విసురుతాడు. కొంగులో పడ్డది వరం. ఆ మాను ఎక్కే హక్కు గంగాధరం ఇంటిది. తండ్రి మోకాళ్ళు సహకరించని ఏడు గంగాధరం ఎక్కాడు. ఆ తర్వాత ఏటా ఆయనే.

మాను పైనుంచి మొట్టమొదటిసారి ఆయన చూసింది దేవుణ్ణి కాదు. రోడ్డును. అది ఎంత దూరం పోతుందో అప్పుడు తెలిసింది.

సినిమా ఆయనకు అలిపిరిలో తగిలింది. డెబ్బైల మొదట్లో. తిరుపతిలో ఒక నాటక సమాజంలో ముసలి తండ్రి వేషాలు వేస్తున్నాడప్పుడు. ముప్పై దాటిన మనిషికి జుట్టుకు పిండి రాసి ముసలివాణ్ణి చేసేవాళ్ళు. ఒక పొద్దున అలిపిరి మెట్ల దగ్గర షూటింగని తెలిసి పోయి నిలబడితే, యాత్రికుల గుంపులో కలిపేశారు. మెట్లెక్కమన్నారు. ఎక్కాడు. దిగి మళ్ళీ ఎక్కమన్నారు. మిగతావాళ్ళు చెట్టు నీడ వెతుక్కుంటే ఈయన తుండు మార్చి, నామం మార్చి, మళ్ళీ వరసలో నిలబడ్డాడు. ఆ సినిమా చిత్తూరుకు వచ్చినప్పుడు ఊరంతా పోయి చూసింది. ఒకే పాటలో గంగాధరం మూడుసార్లు కొండెక్కాడు, ఒక్కసారీ దిగలేదు.

"అంత పుణ్యం యాడ పెట్టుకుంటావప్పా?" అని గుడి పెద్ద దొరస్వామి ఎగతాళి చేశాడు.

అక్కణ్ణుంచి మద్రాసు దారి పట్టాడు. గేటు తెరిచేవాడు, కోర్టు బంట్రోతు, పాడె మోసే నలుగురిలో ఒకడు, మునసబు వెనక కర్ర పట్టుకున్నవాడు. ఆయన నోరు తెరిచే లోపల కెమెరా ఇంకొకరి వైపు తిరిగేది. కుండలో నీళ్ళు అట్లాగే ఉండిపోయేవి. మద్రాసులో ఉంటే చేను ఎండుతుందేమోనని గుబులు, ఇంటికొస్తే ఎవరో వెతికి పోయారేమోనని గుబులు. వరదమ్మ ఆయన సంచీని విప్పడం మానేసింది. కట్టింది కట్టినట్టే మూలన ఉండేది.

డెబ్బై తొమ్మిదిలో తిరుపతి నాటక పోటీల్లో జయరాం ఆయన్ని చూశాడు. జయరాంది పలమనేరు, మద్రాసులో ఒక దర్శకుడి దగ్గర సహాయకుడు. నాటకం అయ్యాక లోపలికొచ్చి, రంగు తుడుచుకుంటున్న మనిషిని కాసేపు అట్లాగే చూసి, "మా సినిమాలో ఒక ముసలాయనున్నాడు. నీకోసమే కూర్చోనుండాడు, వచ్చి లేపుతావా?" అన్నాడు.

వేషం చిన్నది. కానీ మాట ఉంది. మిల్లులో పని చేస్తూ కొడుకు చచ్చిపోతాడు. తండ్రి మిల్లు గేటు ముందుకొచ్చి యజమానిని అడుగుతాడు. డబ్బు అడగడు, న్యాయం అడగడు. కొడుకు పొద్దున తెచ్చుకున్న అన్నం క్యారియర్ అడుగుతాడు.

మద్రాసులో మూతపడిన ఒక మిల్లు ముందు ఎర్రటి ఎండలో ఆ షాటు తీశారు. గంగాధరం కాగితంలో రాసింది చదవగలిగాడు గానీ, నోట్లోంచి వచ్చింది తన ఊరి మాట. "వాని క్యారియరన్నా ఇప్పీండి సామీ. వాళ్ళమ్మ కడుక్కోని పెట్టుకుంటాది." దర్శకుడు మళ్ళీ చెప్పమనలేదు. ఎండను మొహం మీదికి తిప్పే వెండి అట్ట పట్టుకున్న మనిషి దాన్ని దించడం మరిచిపోయి నిలబడ్డాడు.

జయరాం పక్కకు తీసుకుపోయి చెప్పాడు. "ఇప్పుడు చెప్పిన మాట ఉండదప్పా. దాన్ని తీసేస్తారు. బొమ్మంతా అయినాక, చీకటి గదిలో బొమ్మ చూస్తా, పెదాలకు సరిగ్గా మల్లా చెప్పాల. కబురు పెడతా. పెట్టిన వెంటనే రావాల. నీ మొహానికి నువ్వే గొంతు పెట్టుకోవాల."

సినిమాలో మనిషి రెండుసార్లు పుడతాడన్నమాట, ముందు మొహంగా, తర్వాత గొంతుగా. గంగాధరం సగం పుట్టి ఇంటికొచ్చాడు.

మద్రాసు బస్సు కండక్టరు చెంగయ్య. ఆయన ద్వారా కబురు పంపుతానని జయరాం మాట. రోజూ బస్సు వేళకు గంగాధరం పొలిమేర రాయి దగ్గర నిలబడేవాడు.

"ఏమబ్బా, కబురేమన్నా?"

"వచ్చింటే హారను కొట్టకుండా పోతానా? పోయి పని సూసుకో పో. నిన్ను సూసి సూసి మా డ్రైవరుకు ఈడ బ్రేకు వేసే అలవాటైపాయ."

చలికాలం పోయింది. మామిడి పూత వచ్చి పిందె కట్టింది. కబురు రాలేదు. ధర్మరాజుల గుడి మీద జెండా ఎక్కింది.

భారతం మొదలయ్యే రోజు వేషగాళ్ళకు కంకణం కడతారు. పసుపు పూసిన దారం, అంతే. కానీ కట్టించుకున్నవాడు ధర్మరాజు పట్టాభిషేకం అయ్యేవరకు పొలిమేర దాటకూడదు. దాటితే ఊరికి కీడు. గంగాధరం చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. దొరస్వామి పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"కబురొచ్చిందా?"

"ఇంకా రాల్యా."

"రానిదానికి చెయ్యి దాచిపెడితే వచ్చేదానికి ఏమి చేస్తావు? మాను పాతినాం. ఆడోళ్ళు నోములు పట్టినారు. చాపు."

చాపాడు. దారం ముడి పడింది. నాలుగో రోజు మధ్యాహ్నం రోడ్డు మీద హారను ఆగకుండా మోగింది.

"రమ్మన్నారప్పా!" అని చెంగయ్య ఫుట్‌బోర్డు మీంచే అరిచాడు. "ఈ వారంలోనే అంట. ఎక్కు!"

గంగాధరం రాయికి ఇవతల, బస్సు అవతల. మధ్యలో బారెడు మట్టి. బస్సు మెట్టు ఎంత దగ్గరగా ఉందంటే, చెయ్యి చాపితే కమ్మీ అందుతుంది. చాపాడు. చేతికున్న పసుపు దారం కనబడింది. చెయ్యి దించాడు.

గుడి అరుగు మీద పంచాయితీ కూర్చుంది. కంకణం విప్పమని గంగాధరం అడిగాడు. విప్పే పద్ధతి లేదన్నారు. ఇంకొకరికి కట్టమన్నాడు. ఇంకొకరు మాను ఎక్కిన ఆనవాయితీ లేదన్నారు. అటూ ఇటూ తిరిగి తిరిగి ఆయన అరుగు చుట్టూ దారి పడేటట్టు చేశాడు. చివరికి దొరస్వామే గొంతు సవరించుకున్నాడు.

"వాళ్ళకు కావాల్సింది మనిషా, గొంతా?"

"గొంతే."

"గొంతుకు మనం కంకణం కట్టల్యా గదా. మనిషి ఈడుంటాడు. గొంతును పంపిస్తాం."

అందరికీ ఎంతో తేలికైపోయింది. ఊరి బడిలో నిర్మలమ్మ టీచరు దగ్గర టేపురికార్డరు ఉంది. ఆమె అన్న కొనిచ్చింది. డబ్బింగు గదిని గంగాధరం బయటి నుంచే చూశాడు తప్ప లోపలికి ఎన్నడూ పోలేదు. పెదాలూ గొంతూ కలవాలని జయరాం అన్న మాట గుర్తుంది. అయినా ఇంతమంది పెద్దలు అవుతుందంటుంటే, అవుతుందేమో అనిపించింది. కావాలనుకున్నదాన్ని నమ్మడానికి ఆయనకు ఎప్పుడూ ఎక్కువసేపు పట్టేది కాదు.

మరుసటి రోజు పొద్దున రికార్డింగు. మైకు సెట్టు ఆపేశారు. కుక్కల్ని తరిమారు. మేకల్ని గుట్ట అవతలికి తోలారు. "యెవురన్నా దగ్గితే అపరాధం కట్టాల" అని దొరస్వామి ప్రకటించాడు. నిర్మలమ్మ ఎర్ర మీట నొక్కి తల ఊపింది. గంగాధరం కళ్ళు మూసుకుని మిల్లు గేటును తలుచుకున్నాడు. చెప్పాడు.

"...వాళ్ళమ్మ కడుక్కోని పెట్టుకుంటాది."

ఆయన చెప్పినంతసేపూ గువ్వ కూడా కూయలేదు. సరిగ్గా చివరి మాటకు గుంపులో వెనకున్న ఒక ముసలమ్మ ఉండబట్టలేక "అయ్యో నా తండ్రీ!" అని భోరుమంది.

"మల్లా చెప్పిద్దామా?" అంది నిర్మలమ్మ.

"ఎందుకమ్మా, ఉండనీ" అన్నాడు దొరస్వామి. "ఏడుపు గూడా ఉంటే వాళ్ళకు ఇంకొక మనిషిని పిలిచే పని తప్పుతాది."

క్యాసెట్టును గుడ్డలో చుట్టి, కుంకుమ బొట్టు పెట్టి చెంగయ్య టికెట్ల సంచిలో వేశారు. బస్సు కనుమరుగయ్యేదాకా గంగాధరం రాయి దగ్గరే ఉన్నాడు. తన గొంతు తనను వదిలి మద్రాసు పోతోంది. అది దారి తప్పదు కదా, దానికి ఆకలేయదు కదా అని పిచ్చి పిచ్చి ఆలోచనలు. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. వాడుకుంటే అరిగిపోతుందన్నట్టు.

అర్జునుడు తపస్సుకు పోయే రోజు వచ్చింది. ఎండ కాగిన పెనంలా ఉంది. కిరీటం, భుజకీర్తులు, భుజాన జోలె. మాను చుట్టూ తడిచీరల ఆడవాళ్ళు, నేల మీద ముఖాలు, చాచిన కొంగులు. గంగాధరం పద్యం ఎత్తుకుని మెట్టు మెట్టూ ఎక్కాడు. కింద మద్దెల చిన్నదవుతూ వచ్చింది. పైన గాలి ఉంది. గుట్టలు ఒకదాని వెనక ఒకటి నీలంగా, ఇంకొంచెం నీలంగా, చివరికి ఆకాశమా గుట్టా తెలియనట్టుగా. రోడ్డు ఎండలో పారుతున్న నీరులా మెరుస్తోంది. దాని మీద చిత్తూరు వైపు నుంచి బస్సు.

బస్సు ఆగింది. చెంగయ్య దూకి పరుగెత్తుకొచ్చాడు. గుంపులో పైకి చూస్తూ ఏదో అరిచాడు. మద్దెల్లో వినపడలేదు. చెంగయ్య మైకు దగ్గరకు పోయి, భారతం చెప్పే పంతులు చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"గంగాధరప్పా! క్యాసెట్టు పనికి రాదంట! జయరాం చిత్తూరు బస్టాండుకు ఫోను చేసినాడు! గొంతు బాగుండాదంట, పెదాలకు కలవదంట! రేప్పొద్దున్నే నువ్వు ఆడుంటే నువ్వే చెప్పొచ్చునంట, లేకుంటే ఇంకొకడు చెప్తాడంట! అయిదు నిమిషాలు బస్సు నిలబెడతా, దిగు!"

మద్దెల ఆగిపోయింది. ఊరంతా విన్నది. తపస్సులో ఉన్న అర్జునుడు పద్యం తప్ప మాట మాట్లాడకూడదు. గంగాధరం దొరస్వామి వైపు చూశాడు. దొరస్వామి తల వంచి నేల చూస్తున్నాడు. ఎంతసేపటికీ ఎత్తలేదు. ఆయన పక్కనున్న ఎవరో పైకి చూసి, "దిగప్పా, మేం సూడల్యా అనుకుంటాం" అన్నారు. అంటే దారి ఉంది. ఊరు కళ్ళు మూసుకుంటుంది. ఇక పొలిమేరా దారమూ అడ్డం లేవు.

మాను మొదట్లో పడుకున్న ఒకామె కళ్ళు తెరవకుండానే అంది. "నాయనా, మావి వేసేసి పో."

గంగాధరం జోలెలో చెయ్యి పెట్టాడు. విసిరాడు. మళ్ళీ విసిరాడు. గబగబా, పిడికిళ్ళకు పిడికిళ్ళు. కళ్ళు బస్సు మీదే ఉన్నాయి. డ్రైవరు హారను కొట్టాడు. ఇంకా వేగంగా విసిరాడు. ఒకసారి కిందికి చూశాడు. నిమ్మకాయలు దుమ్ములో దొర్లుతున్నాయి. తడిచీరల అవతల, చూడ్డానికొచ్చిన వాళ్ళ కాళ్ళ మధ్య. కొంగులు చాచినవి చాచినట్టే ఖాళీగా ఉన్నాయి. ఆ ఆడవాళ్ళకు తెలియదు. కళ్ళు మూసుకుని, చప్పుళ్ళు వింటూ, ఇప్పుడు పడుతుంది ఇప్పుడు పడుతుంది అని భుజాలు బిగించి ఉన్నారు.

ఆయన చెయ్యి ఆగింది.

పద్యం మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఒక కొంగును చూసి, గాలిని చూసి, ఒక కాయ వేశాడు. పడింది. ఆ తడి వీపు ఒక్కసారి ఉలిక్కిపడి సడలింది. ఇంకో కొంగు. ఇంకో కాయ. హారను పొడుగ్గా ఒకసారి మోగింది. ఆయన గొంతు దాని మీదుగా పోయింది. బస్సు కదిలి, పొలిమేర రాయిని దాటి, నీటిలా మెరిసే రోడ్డులో కరిగిపోయింది. ఆఖరి కొంగు నిండేసరికి నీడలు సాగాయి. అప్పుడు దిగాడు.

ఆ సినిమా మరుసటి ఏడు చిత్తూరుకు వచ్చింది. ఊరు ఊరంతా పోయి కూర్చుంది. మిల్లు గేటు వచ్చింది. గంగాధరం మొహం తెర నిండా వచ్చింది, ఇంటంత పెద్దగా. ఈలలు వేశారు. ఆ మొహం నోరు తెరిచింది. అందులోంచి ఏ కాలువ గట్టునో చల్లగా పెరిగిన నున్నటి గొంతు ఒకటి, "వాడి క్యారియరైనా ఇప్పించండి బాబుగారూ" అంది.

ఈలలు ఆగిపోయాయి.

"ఎవుడప్పా వాడు, నీ నోట్లో?" అన్నాడు దొరస్వామి.

ఇంటికొచ్చి దీపం వెలిగిస్తూ వరదమ్మ, "జలుబు చేసినప్పుడు గూడా నీ గొంతు అంత అన్యాయంగా ఉండదు" అంది.

ఆయనకు నిలబడితే కూర్చోవాలనిపించింది, కూర్చుంటే లేవాలనిపించింది. రెండో రోజు ఎరువుల కొట్టుకని చెప్పి చిత్తూరు పోయి మ్యాట్నీ చూశాడు. ఆ గొంతు రాగానే లేచి వచ్చేశాడు. ఆ తర్వాతి రోజు మళ్ళీ పోయాడు. ఈసారి గేటు సీను రాగానే రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

నిశ్శబ్దంలో తన మొహాన్ని మొదటిసారి చూశాడు. పెదాలు కదిలాయి, ఆగాయి. మాట అయిపోయింది. తర్వాత ఇంకా కొంచెం ఉంది. గేటు సందులోంచి ఎవరో క్యారియర్ అందించారు. ముసలాయన మూత తీసి లోపలికి చూశాడు. మళ్ళీ మూత పెట్టాడు, అన్నం వేడి పోకూడదన్నట్టు అరచేత్తో అదిమి. అంతే. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. తాను చేసినట్టు తనకే గుర్తు లేదు.

మోచేత్తో ఎవరో పొడిచారు. పక్క సీటులో ఒకామె, ఒడిలో ఖాళీ గంప.

"ఏమప్పా, టిక్కెట్టు కొనుక్కోని చెవులు మూసుకుంటావా?"

"ఆ గొంతు నాది కాదమ్మా."

ఆమె తెర వెలుగులో ఆయన్ని పరకాయించి చూసింది. "మొహం?"

"మొహం నాదే."

"అబ్బో!" అని గంపను ఒడిలో సర్దుకుంది. "మాటల కాడ నాకేమీ కాలేదు గాని, మూత తీసి మల్లా మూసినావే, ఆడ మాత్రం ఉండబట్టల్యా. మా ఇంటాయన గిన్నె నేను గూడా అట్లనే మూసినా, ఆయన పోయిన పొద్దు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంకా వస్తావా ముందర?"

"లేదమ్మా. నా వేషం అంతే."

"అట్లయితే నేను లేస్తా. ఎనుము పాలు పిండమని అరస్తా ఉంటాది" అని గంప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

గంగాధరం చెవుల మీది చేతులు తీశాడు. సినిమా ఆఖరు వరకు కూర్చున్నాడు.

ఆ నెలలోనే మద్రాసు పోయి జయరాంను పట్టుకున్నాడు. జయరాం మొహం చాటేయబోయాడు, ఏదో సంజాయిషీ మొదలుపెట్టాడు. గంగాధరం అడ్డం పడ్డాడు.

"అది వదిలెయ్ జయరామప్పా. మల్లా ఏదన్నా వేషముంటే చెప్పు. మాటలు తక్కువైనా సరే, ఎవుడు చెప్పినా సరే. మాట అయిపోయినాక మాత్రం కొంచెం సేపు ఆ కెమెరాను నా మీదనే ఉండనీమను."

జయరాం నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీశాడు.

"ముందు మీ భారతం ఎప్పుడొస్తాదో అది చెప్పు" అన్నాడు.